పగులు పారని పొర

జంషెడ్‌పూర్ పట్టణానికి పడమటి వైపున ఉన్న కద్మాలో తెలుగు మాట వినబడే వీధులు తక్కువేమీ కావు. ఉక్కు కర్మాగారం వెలిసిన తరువాత ఉత్తరాంధ్ర నుంచి పని వెదుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలలో మాదీ ఒకటి. మా తాతగారు కొలుముల దగ్గర పనిచేశారు. నాన్నగారు రేకుల తనిఖీలో ముప్ఫై ఏళ్ళు గడిపి ఉద్యోగ విరమణ చేశారు. మూడో తరానికి చెందిన నేను ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, అనువాదాలు చేసుకుంటూ కాలం గడుపుతున్నాను. లోహాలతో మా వంశానికి ఉన్న సంబంధం నాతో తెగిపోయిందనే అనుకున్నాను.

తెగలేదని పోయిన శీతకాలంలో తెలిసింది. తెలుగు చేయవలసిందిగా ఒక విజ్ఞానశాస్త్ర వ్యాసం నా చేతికి వచ్చింది. గాజులా పారదర్శకంగా ఉంటూనే విద్యుత్తును ప్రసరింపజేసే ఆక్సైడు పొరలను, వంచినా పగలకుండా తయారుచేయడం ఎలాగన్నది అందులోని విషయం. మొదటి పుటలోనే చిక్కు వచ్చిపడింది. ఎండిన చెరువులో పడేవి నెర్రెలు. గోడకు పడేవి బీటలు. మడమలకు పగుళ్ళు. వేడి పాలు పోస్తే గాజు గ్లాసు చిట్లుతుంది. మరి కంటికి కనిపించనంత పలుచని పొరకు కలిగేదాన్ని ఏమనాలి?

నాన్నగారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "మాట కోసం నిఘంటువు ఎందుకమ్మా? ముందు అదెలా పగులుతుందో తెలుసుకో. మాట అదే వస్తుంది" అన్నారు. ఆ సలహాను పట్టుకొని కొన్ని వారాలు నేను తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

రెండు విరుద్ధ గుణాలు

ప్రకృతిలో సాధారణంగా కాంతికి దారి ఇచ్చే పదార్థం విద్యుత్తుకు దారి ఇవ్వదు. గాజు గుండా చూడవచ్చుగాని కరెంటు పారదు. రాగిలో కరెంటు పారుతుందిగాని దాని గుండా చూడలేము. ఈ రెండు గుణాలూ ఒకేచోట కావలసిన వస్తువులు నేడు ప్రతి ఇంటా ఉన్నాయి. సెల్‌ఫోను తెరను వేలితో తాకినప్పుడు ఆ తాకిడిని కనిపెట్టేది తెరపై పరచిన ఒక పారదర్శక విద్యుద్వాహక పొర. టెలివిజన్ తెరల్లోనూ, అనేక రకాల సౌర ఘటాల్లోనూ ఇటువంటి పొరే ఉంటుంది.

దీనికి తొలి దారి చూపినవాడు కార్ల్ బేడెకర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు. 1907లో ఆయన పలుచని కాడ్మియం లోహపు పొరను గాలిలో వేడిచేయగా, అది ఆక్సైడుగా మారి పారదర్శకమైంది. అయినా విద్యుత్తును ప్రసరింపజేయడం మానలేదు. నేడు అత్యధికంగా వాడుతున్నది ఇండియం, తగరం కలిసిన ఆక్సైడు. బరువులో సుమారు తొంభై పాళ్ళు ఇండియం ఆక్సైడు, పది పాళ్ళు తగరపు ఆక్సైడు. బంధాలకు ఇవ్వడానికి ఇండియం పరమాణువు దగ్గర మూడు ఎలక్ట్రానులుంటే, తగరం దగ్గర నాలుగున్నాయి. ఇండియం కూర్చోవలసిన చోట తగరం కూర్చుంటే ఒక ఎలక్ట్రాను మిగిలిపోతుంది. ఆ మిగులు ఎలక్ట్రానులే విద్యుత్తును మోస్తాయి. లోహంలో ఉన్నన్ని లేవు కనుక అవి కంటికి కనిపించే కాంతిని తిప్పికొట్టవు. ఆ కాంతిని పీల్చుకునే శక్తి ఈ ఆక్సైడుకూ లేదు. కనుక వెలుగు నిరాటంకంగా సాగిపోతుంది.

ఇండియం పేరులో మన దేశపు జాడ ఉంది. 1863లో జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో ఫెర్డినాండ్ రైఖ్, థియోడోర్ రిఖ్టర్ ఒక జింకు ఖనిజాన్ని పరీక్షిస్తున్నారు. రైఖ్‌కు రంగులు తెలియవు. వర్ణపటదర్శినిలో చూసే పని రిఖ్టర్‌కు అప్పగించాడు. అందులో కనిపించిన కొత్త గీత నీలిమందు రంగులో మెరిసింది. ఐరోపా భాషలలో నీలిమందుకు ఇండియా పేరు మీదుగా వచ్చిన పేరే ఆ లోహానికి స్థిరపడింది.

ఈ పొరల అధ్యయనం మన దేశంలోనూ చిరకాలంగా సాగుతున్నది. ఢిల్లీ ఐ.ఐ.టి.లో కె.ఎల్. చోప్రా, ఆయన సహచరులు 1983లో పారదర్శక వాహకాలపై ప్రచురించిన సమీక్ష ప్రపంచమంతటా పరిశోధకులకు మార్గదర్శకమైంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని భౌతికశాస్త్ర విభాగం కూడా పలుచని పొరల పరిశోధనకు పేరు పొందింది.

పొరను పరిచే విధం

ఆక్సైడును రంగులాగా బ్రష్షుతో పూయరు. గాలి తీసివేసిన ఒక పెట్టెలో ఆక్సైడు పలకను ఒకవైపు, పొర పరచవలసిన రేకును మరొకవైపు అమరుస్తారు. కొద్దిగా ఆర్గాన్ వాయువును వదలి విద్యుత్తు ప్రయోగిస్తే, ఆర్గాన్ అయానులు పలకను బలంగా ఢీకొంటాయి. ఆ దెబ్బకు ఎగిరిన పరమాణువులు ఎదుటి రేకుపై వాలి పొరగా పేరుకుంటాయి. దీనినే స్పటరింగ్ అంటారు. ఇలా పరచిన పొర మందం సాధారణంగా నూరు నుంచి రెండు వందల నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో సుమారు అయిదు వందల వంతు.

గాజుపై ఈ పని సులువు. గాజును రెండు మూడు వందల డిగ్రీలకు వేడిచేయవచ్చు. ఆ వేడిలో ఆక్సైడు చక్కని స్ఫటికాలుగా కుదురుకొని విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. అయితే గాజు బరువైనది, వంగనిది. మంచినీళ్ళ సీసాలకు వాడే ప్లాస్టిక్‌తోనే చేసిన పలుచని రేకుపై పొరను పరచగలిగితే, దినపత్రిక అచ్చువేసినట్లు చుట్ట నుంచి చుట్టకు మైళ్ళ కొద్దీ తయారుచేయవచ్చు. గాజు పలకల బరువును మోయలేని ఇంటికప్పు పైన సౌర ఘటాలను చాపలా పరచవచ్చు. రోగి చర్మానికి అంటుకుని ఉండే వైద్య పరికరాలు చేయవచ్చు. ఆశ పెద్దదే. అయితే ఆ ప్లాస్టిక్ డెబ్బై, ఎనభై డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, చుట్టినప్పుడు పొర పగలడం. పగులు పడిన చోట విద్యుత్తు దారి తెగుతుంది. వినియోగదారుని చేతికి చేరకముందే, కర్మాగారంలోని రోలర్ల మీదే సరకు పాడయిపోయే ప్రమాదం ఉన్నది.

రేకు వంగుతుంది, ఆక్సైడు ఎందుకు వంగదు?

ఈ ప్రశ్నకు జవాబులో సగం మా ఊళ్ళోనే ఉంది. పట్టణానికి తూర్పున గోల్మురిలో తగరపు రేకుల కర్మాగారం ఉన్నది. 1920లో ఏర్పడిన టిన్‌ప్లేట్ కంపెనీ 1922లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆనాడు బర్మా ఆయిల్ కంపెనీకి కిరసనాయిలు డబ్బాల కోసం రేకు కావలసివచ్చింది. 2024లో ఆ కంపెనీ టాటా స్టీల్‌లో విలీనమైంది. ఉక్కు రేకుపై పూసే తగరం ఎంత పలుచనో చెబితే నమ్మడం కష్టం. చదరపు మీటరుకు ఒక వైపున 2.8 గ్రాముల తగరం పూస్తే, దాని మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కూడా చేరదు. అందులో సుమారు నాలుగు పదో వంతులు మాత్రమే. అయినా ఆ రేకును డబ్బాగా మలచి అంచులు మడిచినా తగరం ఉక్కును అంటిపెట్టుకునే ఉంటుంది.

కారణం, లోహంలో పరమాణువుల వరుసలు ఒకదానిపై ఒకటి జారగలవు. పేకముక్కల కట్టను పక్కకు నెడితే కట్ట ఆకారం మారుతుందిగాని ముక్కలు చిరగవు కదా. ఆక్సైడులో ఆ సౌకర్యం లేదు. అందులోని లోహ, ఆమ్లజని పరమాణువులు ఎదురు విద్యుదావేశాలతో బిగిసి కూర్చుంటాయి. వరుస జరిగితే సజాతి ఆవేశాలు ఎదురుపడి వికర్షించుకుంటాయి. అందుచేత లాగినప్పుడు ఆక్సైడు కొంతవరకు సాగి, ఆపైన ఒక్కసారిగా తెగుతుంది.

ఆత్రేయపురం పూతరేకు కూడా ఎండిపోతే ఇలాగే పొడి అవుతుంది. మడిచేముందు రేకును తడిగుడ్డతో మెత్తబరుస్తారు. దురదృష్టవశాత్తు ఆక్సైడును మెత్తబరచగల తడి ఏదీ లేదు.

ఎంత వంచితే పగులుతుంది? లెక్క సులభమే. రేకును వంచినప్పుడు బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం ముడుచుకుంటుంది. రేకు మందాన్ని వంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే ఆ సాగుడు ఎంతో తెలుస్తుంది. నూరు మైక్రాన్ల ప్లాస్టిక్ రేకును అయిదు మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి వంచితే బయటి ముఖం నూటికి ఒక వంతు సాగుతుంది. ఇండియం తగరపు ఆక్సైడు పొర పగలడం మొదలయ్యేది కూడా నూటికి ఒకటి, రెండు వంతుల సాగుడు దగ్గరే. బొటనవేలి చుట్టూ తిప్పడం క్షేమం. పెన్సిలు చుట్టూ తిప్పితే ప్రమాదపు అంచు మీద ఉన్నట్లే.

పొరలో ముందే ఏదైనా బిగువు దాగి ఉంటే ఈ అంచు ఇంకా దగ్గరవుతుంది. వేడి మీద పరచిన పొర చల్లారేటప్పుడు ప్లాస్టిక్ ఎక్కువగాను, ఆక్సైడు తక్కువగాను కుంచించుకుపోతాయి. పరమాణువులు వాలే వేగాన్ని బట్టి కూడా పొరలో బిగువు పుడుతుంది. సాగదీసే బిగువైతే పొర పగులుతుంది. నొక్కే బిగువైతే ఉబ్బి రేకు నుంచి లేచిపోతుంది. అందువల్లనే పెట్టెలోని వాయుపీడనాన్నీ, వేడినీ, విద్యుచ్ఛక్తినీ ఎంతో జాగ్రత్తగా అదుపుచేస్తారు.

పగులు ఎందుకు పారుతుంది?

1921లో ఎ.ఎ. గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజనీరు గాజు బలాన్ని గురించి ఒక పరిశోధన ప్రచురించాడు. గాజు తన పరమాణు బంధాలను బట్టి ఉండవలసినంత బలంగా ఉండకపోవడానికి కారణం, దానిలో ముందుగానే ఉండే అతి సూక్ష్మమైన లోపాలని ఆయన నిరూపించాడు. లోపం ఉన్నంత మాత్రాన వస్తువు విరగదు. పగులు ముందుకు సాగాలంటే రెండు కొత్త ముఖాలు ఏర్పడాలి. అందుకు శక్తి కావాలి. వస్తువులో బిగువు రూపంలో నిలవ ఉన్న శక్తి ఆ ఖర్చుకు చాలితే పగులు పారుతుంది. చాలకపోతే ఉన్నచోటనే ఆగిపోతుంది.

ఈ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆక్సైడు పొర సమస్యకు తాళంచెవి ఇదే. పొర మందంగా ఉంటే అందులో నిలవ ఉండే శక్తి ఎక్కువ. పలుచబడేకొద్దీ శక్తి తగ్గుతుంది; చిన్న లోపం ఉన్నా పగులుకు ముందుకు పోయే స్తోమత ఉండదు. స్థూలంగా, మందాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తే పొర రెట్టింపు సాగుడును ఓర్చుకుంటుంది. పొర స్వభావం మారలేదు. అది ఎప్పటిలాగే పెళుసు. మారింది పగులుకు అందే ఆహారం.

నాన్నగారికి ఇది చెప్పగా ఆయన ఆశ్చర్యపోలేదు. "ఇనుప రేకుకు జింకు పూసేటప్పుడు మేము చూసేది అదే" అన్నారు. కరిగిన జింకులో ఉక్కును ముంచితే రెండింటి మధ్య ఇనుము, జింకు కలిసిన ఒక పెళుసు పొర పుడుతుంది. అది మందమైతే, రేకు వంచినచోట పూత పొడిలా రాలుతుంది. జింకు తొట్టిలో నూటికి ఐదో వంతు పాలు అల్యూమినియం కలిపితే ఆ పెళుసు పొర పెరగకుండా ఆగిపోతుంది. తగరపు రేకులోనూ తగరానికీ ఉక్కుకూ మధ్య ఇటువంటి పెళుసు పొర ఉంటుంది. దానినీ పలుచగానే ఉంచుతారు.

నాలుగు ఉపాయాలు

శాస్త్రజ్ఞులు పట్టిన దారులన్నీ ఈ సూత్రానికి శాఖలే.

మొదటిది, ఆధారంగా ఉన్న రేకును పలుచన చేయడం. నూరు మైక్రాన్లకు బదులు పది మైక్రాన్ల రేకు వాడితే, అదే వంపు దగ్గర సాగుడు పదో వంతుకు పడిపోతుంది. 2020లో మార్కెట్టులోకి వచ్చిన మడిచే ఫోనులలో ఒకదానికి సుమారు ముప్ఫై మైక్రాన్ల గాజునే తెరగా వాడారు. గాజు వంటి పెళుసు వస్తువును మడవగలగడానికి కారణం ఆ పలుచదనమే.

రెండవది, పొరకు తగిన స్థానం ఇవ్వడం. వంగిన రేకులో బయటి ముఖం సాగి లోపలి ముఖం ముడుచుకుంటే, మధ్యలో సాగని, ముడుచుకోని ఒక తలం ఉండితీరాలి. ఆక్సైడు పొర పైన సరిపడినంత మందం గల మరొక ప్లాస్టిక్ రేకును అతికిస్తే పొర ఆ తటస్థ తలంలోకి చేరుతుంది. పైనా కిందా బరువు పడుతున్నా దానికి సోకదు.

మూడవది, అతుకులు లేకుండా చేయడం. స్ఫటికాకార పొర అసంఖ్యాకమైన రేణువుల కూర్పు. రేణువుల మధ్య అతుకులు పగులుకు సులువైన దారులు. హిదేవో హోసోనో బృందం 2004లో ఇండియం, గాలియం, జింకుల ఆక్సైడును అస్ఫటిక రూపంలో, అంటే రేణువులూ అతుకులూ లేకుండా, గది ఉష్ణోగ్రత దగ్గరే ప్లాస్టిక్ రేకుపై పరచి, వంగే పారదర్శక ట్రాన్సిస్టర్లు చేసి చూపింది. పరమాణువుల క్రమం చెదిరితే ఎలక్ట్రానుల నడక కుంటుపడుతుందని అంతవరకూ భయం. కాని ఇండియం పరమాణువు చుట్టూ ఎలక్ట్రాను మేఘం గుండ్రంగా, విశాలంగా ఉంటుంది. ఏ దిక్కుకు తిరిగినా పక్కదానిని తాకుతూనే ఉంటుంది. అందువల్ల క్రమం లేకపోయినా దారి తెగదు.

నాలుగవది, పలుచదనం వల్ల వచ్చే నష్టాన్ని మరొకరి చేత మోయించడం. పొర మందం సగమైతే విద్యుత్తుకు అడ్డు రెట్టింపవుతుంది. అందుచేత రెండు పలుచని ఆక్సైడు పొరల మధ్య పది నానోమీటర్ల వెండి పొరను ఉంచుతారు. అంత పలుచని వెండి గుండా వెలుగు పోతుంది. ఆక్సైడు పొరలు దాని మెరుపును అణచివేస్తాయి. విద్యుత్తును వెండి మోస్తుంది. ఆక్సైడులో చిన్న పగులు పడినా కింద సాగే లోహం ఉన్నది కనుక దారి పూర్తిగా తెగదు.

కళాయి సాయిబు తుడిచివేసిన మీగడ

వీటన్నిటికంటే నన్ను ముగ్ధురాలిని చేసింది 2020లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన పద్ధతి. వారు ఇండియం, తగరం కలిసిన మిశ్రలోహాన్ని రెండు వందల డిగ్రీల దగ్గర కరిగించారు. కరిగిన లోహానికి గాలి తగలగానే పాలమీద మీగడలాగా ఒక ఆక్సైడు తెట్టు కడుతుంది. ఆ తెట్టునే అచ్చు తీసినట్లు వేరొక తలంపైకి దించారు. దాని మందం ఒకటిన్నర నానోమీటర్లు. అంటే మామూలు పొరలో సుమారు నూరో వంతు. అది చక్కగా వంగింది, విద్యుత్తునూ ప్రసరింపజేసింది.

చిన్నతనంలో మా వీధికి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే సాయిబు వచ్చేవాడు. గిన్నెను నిప్పులపై తిప్పి, నవాసాగరం చల్లి, తగరపు కడ్డీ రుద్ది, దూదితో ఒక్క విసురు విసిరేవాడు. గిన్నె వెన్నెలలా మెరిసేది. అతడు ఆ దూదితో తుడిచివేసిన మురికి తెట్టులో ఉన్నది కూడా తగరపు ఆక్సైడే. అతనికి అక్కరలేనిదాని దగ్గరి బంధువు నేడు ప్రయోగశాలలలో ఆదరం పొందుతున్నది.

బెంగళూరు పరిశోధకులు ఇంకొక మెట్టు ముందుకు వేసి, పగులునే పనిలో పెట్టుకున్నారు. జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రంలో జి.యు. కులకర్ణి బృందం 2010ల తొలి సగంలో రూపొందించిన పద్ధతిలో, ఆధారంపై ఒక ద్రవాన్ని పూసి కావాలనే పగలనిస్తారు. చెరువు అడుగున నెర్రెలవలె అల్లుకున్న ఆ పగుళ్ళలో లోహాన్ని నింపి, మిగిలిన పూతను కడిగివేస్తారు. చివరకు మిగిలేది కంటికి ఆననంత సన్నని లోహపు వల. అది పారదర్శకం, విద్యుద్వాహకం, నమ్యం కూడా. అందులో ఇండియం అవసరమే లేదు.

ఆ చివరి మాట చిన్నది కాదు. ఇండియానికి వేరే గనులు లేవు. ప్రధానంగా జింకు శుద్ధిలో ఉపఫలంగా లభిస్తుంది. ప్రపంచపు ఉత్పత్తిలో సగానికి పైగా చైనాది. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం ఇండియానికి సంబంధించిన కొన్ని పదార్థాల ఎగుమతిపై అదుపు విధించింది. పొరను పలుచన చేసినకొద్దీ ఈ లోహపు ఖర్చు తగ్గుతుంది. పారవేసిన తెరల నుంచి దానిని తిరిగి రాబట్టడం మరొక మార్గం. 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధనాలయం మా ఊళ్ళోనే ఉన్నది. పాత ఎలక్ట్రానిక్ సామగ్రి నుంచి విలువైన లోహాలను వేరుచేయడం నేడు దాని ముఖ్య పరిశోధనలలో ఒకటి. గనుల నుంచి లోహం తీసి బ్రతికిన పట్టణం, చెత్త నుంచి కూడా లోహం తీయడం నేర్చుకుంటున్నది.

అనువాదం ముగించేనాటికి నాకు కావలసిన మాట దొరికింది. మనుషులు చేసిన ఏ పొరలోనూ లోపం లేకపోదు. ఒక ధూళికణం, కత్తిరించిన అంచులో ఒక నొక్కు చాలు. కనుక "పగలని పొర" అని రాస్తే అబద్ధమవుతుంది. లోపం ఉంటుంది, అది సాగకుండా చూడటమే విద్య. నెర్రె, బీట, చిట్లు అన్నీ పక్కన పెట్టి "పగులు పారని పొర" అని శీర్షిక రాసి నాన్నగారికి వినిపించాను.

ఆయన కాసేపు ఆలోచించి, రేకుల తనిఖీలో ముప్ఫై ఏళ్ళు వేసిన ప్రశ్ననే నాకూ వేశారు:

"బాగానే ఉంది. వంచి చూశావా?"